కౌన్సిల్ ఇళ్ల విధానాల్లో చిన్న మార్పులు: నివాసుల అభిప్రాయం అడిగే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఇంగ్లండ్‌లోని ఒక కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) విధాన పత్రంలో ఉమ్మడి నడవాల గురించి ఇలాంటి వాక్యం ఒకటి ఉందనుకుందాం: “నడవాలో ఉంచిన వస్తువులను, ఏడు రోజుల నోటీసు ఇచ్చిన తరువాత, కౌన్సిల్ తొలగించవచ్చు.” సవరించిన పత్రంలో అదే వాక్యం ఇలా ఉంది: “నడవాలో ఉంచిన వస్తువులను, 48 గంటల నోటీసు ఇచ్చిన తరువాత, కౌన్సిల్ తొలగిస్తుంది.” ముప్ఫై పేజీల పత్రంలో మారింది గడువు ఒకటి, క్రియాపదం ఒకటి. దాన్ని తయారుచేసిన అధికారికి ఇది చిన్న సవరణే. నాలుగో అంతస్తులో ఉంటూ చంటిపిల్ల బండిని లిఫ్టు పక్కన నిలుపుకునే తల్లికి, లోపల చోటు చాలక మొబిలిటీ స్కూటర్‌ను (నడక కష్టమైనవారు వాడే బ్యాటరీ బండిని) తలుపు పక్కన పెట్టుకునే పెద్దాయనకు, గుమ్మం బయట చెప్పులు విడవడం పుట్టుకతో వచ్చిన అలవాటైన తెలుగు కుటుంబానికి ఇది ప్రతి ఉదయం ఎదురయ్యే సంగతి. మార్పు చిన్నదా పెద్దదా అన్నది కాగితం మీద ఎన్ని మాటలు మారాయో చూసి కాక, ఎవరి దినచర్య మారుతుందో చూసి తేల్చాలి. ఈ మార్గదర్శిలోని పనులన్నీ ఆ ఒక్క గమనింపు మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇది కౌన్సిల్ హౌసింగ్ విభాగాల్లో విధానాలు రాసేవారికీ, నివాసుల సంఘాల్లో కూర్చుని ఆ పత్రాలు చదివేవారికీ ఉద్దేశించినది. ఇక్కడ చెప్పే చట్టమంతా ఇంగ్లండ్‌కు వర్తిస్తుంది. వేల్స్‌లో 2022 డిసెంబరు 1 నుంచి అద్దె ఇళ్లకు వేరే చట్టం అమలులో ఉంది, స్కాట్లండ్ చట్టం మొదటినుంచీ వేరు. కాబట్టి ఆ రెండుచోట్ల పనిచేసేవారు పద్ధతిని తీసుకోవచ్చు గాని సెక్షన్ల సంఖ్యలను తీసుకోకూడదు. నడవాల ఉదాహరణనే చివరి దాకా వెంటబెట్టుకుని వెళదాం.

మొదటి పని: పాత ప్రతిని, కొత్త ప్రతిని పక్కపక్కన పెట్టడం

“చిన్న సవరణలు మాత్రమే చేశాం” అన్న మాట పత్రం మార్పుల పట్టికలో కనిపించగానే నమ్మకుండా, రెండు ప్రతులను వాక్యానికి వాక్యం పోల్చి, మారిన ప్రతి చోటునూ మూడు కుప్పల్లో ఒకదానిలో వేయాలి. మొదటి కుప్పలో దిద్దుబాట్లు ఉంటాయి: విభాగం పేరు మారడం, ఫోను నంబరు మారడం, రద్దయిన చట్టం పేరు తీసి కొత్తది రాయడం, అచ్చుతప్పులు. రెండో కుప్పలో చట్టమో నియంత్రణ సంస్థో విధించినవి, అంటే కౌన్సిల్‌కు మార్చే అధికారం లేనివి ఉంటాయి. మూడో కుప్పలో కౌన్సిల్ తన విచక్షణతో ఎంచుకున్నవి ఉంటాయి. అభిప్రాయం అడగవలసింది ప్రధానంగా ఈ మూడో కుప్ప గురించే.

చెప్పడం తేలికే. చిక్కంతా రెండో కుప్ప దగ్గర వస్తుంది. తన ఎంపికను చట్టం నెత్తిన పెట్టాలనే ఆశ ప్రతి కార్యాలయంలోనూ ఉంటుంది. ఉదాహరణకు, రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఇంట్లో 2020 డిసెంబరులో చనిపోయిన పసివాడు అవాబ్ ఇషాక్ పేరుతో వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం అత్యవసర ప్రమాదాలను 24 గంటల్లో చక్కదిద్దాలి, తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదులను 10 పనిదినాల్లోగా పరిశీలించాలి. మరమ్మతుల విధానంలో ఈ గడువులను చేర్చేటప్పుడు “10 రోజులు సమ్మతమేనా?” అని నివాసులను అడగడం వారి సమయాన్ని వృథా చేయడమే, ఎందుకంటే వారు కాదన్నా కౌన్సిల్ చేయగలిగింది లేదు. అయితే ఆ పరిశీలనకు వచ్చేముందు ఫోను చేయాలా, ఉత్తరం రాయాలా, సాయంత్రం వేళలు ఇవ్వాలా అన్నవి కౌన్సిల్ చేతిలో ఉన్నవే, కనుక అవి మూడో కుప్పలోకి వస్తాయి.

నడవాల విషయమూ ఇంతే. 2005 నాటి అగ్నిమాపక భద్రతా ఉత్తర్వు ప్రకారం భవనానికి బాధ్యుడైనవాడు తప్పించుకునే దారులకు అడ్డు లేకుండా చూడాలి. ఇందులో బేరం లేదు. కాని నోటీసు గడువు 48 గంటలే ఉండాలని ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. ఫ్లాట్ల భవనాల అగ్ని భద్రతపై ఇంగ్లండ్‌లో వాడుకలో ఉన్న మార్గదర్శకాలు రెండు దారులను గుర్తిస్తాయి. ఒకటి, ఉమ్మడి నడవాల్లో ఏ వస్తువునూ అనుమతించకపోవడం. రెండోది, గుమ్మం ముందు పట్టా, గోడకు పటం వంటి పరిమితమైన వస్తువులను షరతులతో అనుమతించడం. భవనం అగ్ని ప్రమాద అంచనా ఏం చెబుతోందో చూసి ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎంపిక ఉంది కనుక, “భద్రతా చట్టం ప్రకారం తప్పనిసరి” అని ఒక్క ముక్కలో తేల్చి పంపించడం సరికాదు.

ఈ దశలోనే క్రియాపదాల మీద కన్ను వేయాలి. “చేయవచ్చు” అన్నది “చేస్తుంది” కావడం, “సాధారణంగా” అన్న మాట రాలిపోవడం, “మరియు” ఉన్నచోట “లేదా” రావడం, “ఆధారం చూపితే” అన్న షరతు కొత్తగా చేరడం: నివాసి హక్కును పెంచేవీ తగ్గించేవీ ఇవే. పోలిక చూపే సాఫ్ట్‌వేర్ వీటిని అచ్చుతప్పుల రంగులోనే చూపిస్తుంది, కాబట్టి మనిషి చదవాలి. విధానం రాసినవారే చదివితే ప్రయోజనం తక్కువ. మరమ్మతుల ఫోన్లు ఎత్తే ఉద్యోగిని ఒకరిని పక్కన కూర్చోబెట్టి చదివిస్తే, ఏ వాక్యం మీద రేపు గొడవ వస్తుందో వెంటనే చెబుతారు.

రెండో పని: చట్టం ఏం అడుగుతోందో చూడటం

1985 నాటి హౌసింగ్ చట్టంలో 105వ సెక్షన్ ఈ పనికి మూలస్తంభం. గృహ నిర్వహణకు సంబంధించి కౌన్సిల్ కొత్త కార్యక్రమం చేపట్టినా, తన విధానాన్ని గాని ఆచరణను గాని మార్చినా, అది సెక్యూర్ టెనెంట్లందరినీ (కౌన్సిల్ నుంచి స్థిరమైన హక్కుతో ఇల్లు అద్దెకు తీసుకున్నవారిని) లేదా వారిలో ఒక వర్గాన్ని గణనీయంగా ప్రభావితం చేసేదైతే, ఆ సంగతి వారికి తెలియజేసి, నిర్ణీత గడువులోగా అభిప్రాయం చెప్పుకునే ఏర్పాటు చేసి, వచ్చిన అభిప్రాయాలను పరిగణించిన తరువాతే నిర్ణయం తీసుకోవాలని ఆ సెక్షన్ చెబుతుంది. నిర్వహణ, మరమ్మతు, అభివృద్ధి, కూల్చివేత, ఇళ్లకు అనుబంధమైన సేవలు దీని పరిధిలోకి వస్తాయి. అద్దె, సేవా రుసుములు మాత్రం రావు. ప్రొబేషన్ కాలంలో ఉన్న ఇంట్రడక్టరీ టెనెంట్లకు ఇలాంటి రక్షణనే 1996 నాటి హౌసింగ్ చట్టంలోని 137వ సెక్షన్ ఇస్తుంది.

“గణనీయంగా” అన్న మాట ఇక్కడ కీలకం. ఆ సంగతిని తేల్చే అధికారం మొదటగా కౌన్సిల్‌దే, అయితే ఆ తేల్చడానికి కారణాలు ఉండాలి, అవి కాగితం మీద ఉండాలి. ఒక పేజీ చాలు: ఏం మారుతోంది, ఎవరికి తగులుతుంది, గణనీయం అనుకున్నామా లేదా, ఎందుకు, ఎవరు నిర్ణయించారు, ఏ తేదీన. రెండేళ్ల తరువాత, నివాసుల ఫిర్యాదులు విచారించే ఒంబుడ్స్‌మన్ నుంచి ప్రశ్న వచ్చినప్పుడు ఆ ఒక్క పేజీ ఉండటానికీ లేకపోవడానికీ ఎంత తేడానో ఒకసారి అనుభవించినవారు మళ్లీ దాన్ని మరచిపోరు. 105వ సెక్షన్ కిందే ప్రతి కౌన్సిల్ తన అభిప్రాయ సేకరణ ఏర్పాట్లను ప్రచురించి ఉంచాలి. మీ కౌన్సిల్ ప్రచురించిన ఆ పత్రాన్ని వెతికి చదవండి. అందులో “ఏ విధానం మారినా నివాసుల ప్యానెల్‌కు చూపిస్తాం” అని పదేళ్ల కిందట ఎవరో రాసి ఉంటే, ఆ మాటను నేడు నిలబెట్టుకోవలసింది మీరే.

మరో రెండు మలుపులను ఇక్కడే పట్టుకోవాలి. మారుతున్నది విధానమా, అద్దె ఒప్పందంలోని షరతా? షరతే అయితే 1985 చట్టంలోని 103వ సెక్షన్ వర్తిస్తుంది: ముందుగా ప్రాథమిక నోటీసు పంపి, అభిప్రాయాలు తీసుకుని, ఆ తరువాత కనీసం నాలుగు వారాల ముందు మార్పు నోటీసు ఇవ్వాలి. విధాన పత్రంలో “చిన్న సవరణ” పేరుతో ఒప్పంద షరతును దొడ్డిదారిన మార్చడం చెల్లదు. ఇక ఇళ్ల కేటాయింపు పథకంలో విధానపరమైన పెద్ద మార్పు చేస్తే 1996 చట్టం ప్రకారం నామినేషన్ ఒప్పందాలున్న (కౌన్సిల్ సూచించినవారికి ఇళ్లు ఇస్తామని ఒప్పుకున్న) హౌసింగ్ అసోసియేషన్లకు ముసాయిదా పంపి వారి అభిప్రాయానికి తగిన అవకాశం ఇవ్వాలి, ప్రభావితమయ్యేవారికి ఆ మార్పును తెలియజేయాలి.

105వ సెక్షన్ వర్తించదని తేలినా పని అయిపోదు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయిన తరువాత, తాము ముందే చెప్పినా ఎవరూ వినలేదన్న నివాసుల ఆవేదన దేశమంతటా వినిపించింది. దాని ఫలితాల్లో ఒకటి 2023 నాటి సోషల్ హౌసింగ్ (కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు అద్దెకిచ్చే ఇళ్ల) నియంత్రణ చట్టం. దాని వెంట 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త వినియోగదారు ప్రమాణాలు వచ్చాయి. వాటిలో పారదర్శకత, ప్రభావం, జవాబుదారీతనం గురించిన ప్రమాణం, సేవలు ఎలా అందించాలనే నిర్ణయాల్లో టెనెంట్ల అభిప్రాయాలను లెక్కలోకి తీసుకోవాలని, ఎలా తీసుకున్నారో వారికి చెప్పాలని కోరుతుంది. వెయ్యికి పైగా ఇళ్లున్న కౌన్సిళ్లను నియంత్రణ సంస్థ నాలుగేళ్లకొకసారి తనిఖీ చేసి, సీ1 నుంచి సీ4 దాకా గ్రేడు ఇస్తుంది. తనిఖీకి వచ్చినవారు విధాన పత్రం ఎంత అందంగా ఉందో చూడటంతో ఆగరు. టెనెంట్ చెప్పినందువల్ల ఏం మారిందో చూపించమంటారు.

మూడో పని: ఎవరికి తగులుతుందో పేర్లు రాయకుండా లెక్క రాయడం

2010 నాటి సమానత్వ చట్టంలోని 149వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ నిర్ణయం తీసుకునేటప్పుడే, వయసు, వైకల్యం, మతం, గర్భధారణ వంటి రక్షిత లక్షణాలున్నవారి మీద ప్రభావాన్ని తగినంతగా పట్టించుకోవాలి. నిర్ణయం అయిపోయాక పత్రం నింపి ఫైలులో పెట్టడం ఈ బాధ్యతను తీర్చదు. నడవాల మార్పులో మొబిలిటీ స్కూటర్ వాడేవారు, చంటిపిల్లల తల్లులు వెంటనే గుర్తుకొస్తారు. ఆలోచిస్తే, 48 గంటల నోటీసు శుక్రవారం సాయంత్రం అంటించినప్పుడు ఆసుపత్రిలో ఉన్న మనిషి కూడా గుర్తుకురావాలి.

అద్దెకున్న టెనెంట్ల జాబితాతోనే ఆగితే ఇంకొందరు జారిపోతారు. 1980 నుంచి కౌన్సిల్ ఇళ్లను అందులో ఉంటున్నవారికే అమ్మే హక్కు ఉన్నందువల్ల నేడు చాలా భవనాల్లో లీజ్‌హోల్డర్లు (ఫ్లాటును దీర్ఘకాలపు లీజు మీద కొనుక్కున్నవారు) కూడా ఉన్నారు. 105వ సెక్షన్ వారిని పేర్కొనకపోయినా నడవాలో వారూ నడుస్తారు, అంతేకాక వారి లీజులో ఉన్న హక్కును విధాన పత్రం తగ్గించలేదు. ఇంకో వర్గం ఎవరి కంటికీ ఆనదు: లీజ్‌హోల్డర్ దగ్గర ప్రైవేటుగా అద్దెకున్నవారు. ఈస్ట్ హామ్ వంటి ప్రాంతాల్లో ఒకప్పటి కౌన్సిల్ ఫ్లాట్లలో ఇలా అద్దెకుంటున్న మనవాళ్లు, ముఖ్యంగా వీసా షరతుల వల్ల కౌన్సిల్ ఇంటికి అర్హత లేని విద్యార్థులు, కొత్త ఉద్యోగులు, ఉన్నారు. కౌన్సిల్ రాసే ఉత్తరం వేరే ఊళ్లో ఉన్న యజమానికి వెళుతుంది, నడవాలోని చెప్పుల బల్ల మాత్రం వీరిది. వీరిని అడగాలని చట్టం బలవంతం చేయకపోయినా, తలుపు తలుపుకూ ఒక కాగితం వేస్తే సరిపోయే పనికి సంకోచం అనవసరం.

నాలుగో పని: ఎంత పెద్ద ఎత్తున అడగాలో నిర్ణయించడం

ప్రతి కామాకూ అభిప్రాయ సేకరణ పెడితే నివాసులు విసిగిపోయి, నిజంగా అవసరమైనప్పుడు పలకడం మానేస్తారు. నేను పాటించే కొలత ఇది. మొదటి కుప్పలోని దిద్దుబాట్లకు ఎవరినీ అడగనక్కరలేదు, మార్పుల జాబితా ప్రచురిస్తే చాలు. రెండో కుప్పలోని వాటిని అడగకుండా, వివరంగా తెలియజేయాలి. మూడో కుప్పలో ఉండి, కొద్దిమందికి కొద్దిగా తగిలే మార్పులను నివాసుల ప్యానెల్ ముందు పెట్టి, వెబ్‌సైట్‌లో రెండు మూడు వారాలు ఉంచితే సరిపోతుంది. మూడో కుప్పలో ఉండి ఎవరి దినచర్యనైనా మార్చేవాటికి, వారి సంఖ్య ఎంత చిన్నదైనా, పూర్తి పద్ధతి పాటించాలి.

ప్యానెల్ గురించి ఒక మాట. ఏళ్ల తరబడి సమావేశాలకు వచ్చే పది పన్నెండు మంది సభ్యులు పత్రాలు చదవడంలో అధికారుల కంటే ఆరితేరి ఉంటారు. వారి సలహా విలువైనది. కాని ప్యానెల్ ఒప్పుకున్నంత మాత్రాన ప్రభావితమయ్యే టెనెంట్లను అడిగినట్లు కాదు. మా వీధిలో సగం మందికి ఆ ప్యానెల్ ఉన్నట్లే తెలియదు. అందువల్ల వారిచేత ముసాయిదా ప్రశ్నలను ముందుగా చదివించి దిద్దించుకోవడం, ఆ తరువాత అందరి దగ్గరికీ వెళ్లడం ఉత్తమం.

ఐదో పని: పత్రం రాయడం

అభిప్రాయ సేకరణ న్యాయంగా జరిగిందా లేదా అని ఇంగ్లండ్ కోర్టులు చూసే కొలతలు నాలుగు. బ్రెంట్ కౌన్సిల్ మీద 1985లో వచ్చిన గన్నింగ్ కేసు పేరుతో వాటిని పిలుస్తారు. నిర్ణయం ఇంకా రూపుదిద్దుకుంటున్నప్పుడే అడగాలి. ఆలోచించి జవాబివ్వడానికి తగినన్ని కారణాలు చెప్పాలి. తగినంత సమయం ఇవ్వాలి. వచ్చిన జవాబులను చిత్తశుద్ధితో పరిశీలించాలి. చట్టం కోరకపోయినా కౌన్సిల్ తనంతట తాను అడగడం మొదలుపెడితే, అప్పుడు కూడా సక్రమంగానే అడగాలన్నది కోర్టులు స్థిరపరచిన మరో సూత్రం. “ఇది చిన్నదే కదా, నామమాత్రంగా అడిగేద్దాం” అనుకునేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

2014 అక్టోబరులో బ్రిటన్ సుప్రీం కోర్టు హేరింగే కౌన్సిల్ మీద ఇచ్చిన తీర్పు ఈ పత్రాలు రాసే ప్రతివారూ చదవదగినది. కౌన్సిల్ ట్యాక్స్ (ఇళ్ల మీద స్థానిక పన్ను) సహాయానికి కేంద్ర ప్రభుత్వం నిధులు తగ్గించినప్పుడు, ఆ లోటును లబ్ధిదారుల సహాయంలో కోతతోనే పూడ్చాలన్నట్లుగా హేరింగే తన పత్రాన్ని రాసింది. పన్ను పెంచడం, నిల్వ నిధులు వాడటం వంటి ఇతర దారులను ప్రస్తావించనూ లేదు, వాటిని ఎందుకు వద్దనుకుందో చెప్పనూ లేదు. అందుకే ఆ అభిప్రాయ సేకరణ చట్టవిరుద్ధమని కోర్టు ప్రకటించింది. ఇళ్ల విషయంలో దీనికి తోడుగా 2015లో లాంబెత్ కౌన్సిల్‌పై వచ్చిన క్రెసింగ్‌హామ్ గార్డెన్స్ అనే ఇళ్ల సముదాయం తీర్పును చూడాలి. అభిప్రాయ సేకరణ నడుస్తుండగానే, డబ్బు సరిపోదంటూ పునరుద్ధరణ దారులను జాబితా నుంచి తీసేసి నిర్ణయం చేసినందుకు హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అది చాలా పెద్ద వ్యవహారం, మనది నడవా. అయినా మధ్యలో ప్రశ్న మార్చకూడదన్న నియమం రెండింటికీ ఒకటే.

ఇప్పుడు ఉత్తరం రాద్దాం. సాధారణంగా వచ్చే ముసాయిదా ఇలా ఉంటుంది:

“నివాసుల భద్రతకు అత్యున్నత ప్రాధాన్యం ఇస్తూ, సేవలను మరింత మెరుగుపరిచే దిశగా ఉమ్మడి ప్రదేశాల నిర్వహణా విధానాన్ని నవీకరిస్తున్నాము. సురక్షితమైన నడవాలకు మీరు మద్దతిస్తారా?”

దీన్ని చదివినవారికి ఏం మారుతుందో తెలియదు. భద్రత వద్దనేవారు ఎవరూ ఉండరు కనుక నూటికి నూరూ “అవును” వస్తుంది, ఆ నూరు దేనికీ పనికిరాదు. అదే ఉత్తరాన్ని ఇలా రాయవచ్చు:

“మీ ఇంటి తలుపు బయట, నడవాలో, మెట్ల దగ్గర ఉంచే వస్తువుల గురించిన నియమాన్ని మార్చాలని ఆలోచిస్తున్నాము. ఇప్పుడు మేము నోటీసు అంటించి, ఏడు రోజుల తరువాత వస్తువును తీసివేయవచ్చు. ఇకపై 48 గంటల తరువాత తప్పక తీసివేయాలని ప్రతిపాదిస్తున్నాము. దారికి అడ్డు లేకుండా చూడటం చట్టం మా మీద పెట్టిన బాధ్యత, దానిని మేము మార్చలేము. ఎన్ని గంటల గడువు ఇవ్వాలి, ఏ వస్తువులకు మినహాయింపు ఉండాలి అన్నవి ఇంకా నిర్ణయించలేదు. గడువును ఏడు రోజులుగానే ఉంచడం, మూడు రోజులు చేయడం కూడా మేము ఆలోచించాము. ఏడు రోజులైతే మంట అంటుకునే వస్తువు వారం పాటు దారిలో ఉండిపోతుందని మా సందేహం. మూడు రోజులైతే వారాంతం దాటుతుంది, అయితే మా సిబ్బంది రెండుసార్లు రావలసి ఉంటుంది. 48 గంటలు మీకు సరిపోతాయా? సరిపోకపోతే ఎందుకు? మీరు తప్పనిసరిగా బయట ఉంచవలసిన వస్తువు ఏదైనా ఉందా?”

దీని కింద గడువు తేదీ, జవాబు ఇచ్చే మార్గాలు, నిర్ణయం తీసుకునేది ఎవరు, ఏ నెలలో, ఫలితం ఎక్కడ కనిపిస్తుంది అన్న సంగతులు రాస్తే ఉత్తరం ఒక పేజీలో ముగుస్తుంది. తీసేసిన వస్తువును ఎంతకాలం భద్రపరుస్తారో, తిరిగి తీసుకోవడానికి ఏం చేయాలో కూడా చెప్పాలి. ఇతరుల సామాను పారేసే విషయంలో 1977 నాటి టార్ట్స్ చట్టం కొన్ని జాగ్రత్తలు కోరుతుంది కనుక ఆ వాక్యాన్ని న్యాయ విభాగానికి చూపించకుండా పంపవద్దు. విధానం పూర్తి ప్రతిని, మార్పులు గుర్తించిన ప్రతిని వెబ్‌సైట్‌లో పెట్టి, కావాలన్నవారికి కాగితం మీద ఇవ్వాలి.

భాష గురించి కొంచెం ఆగాలి. తెలుగులోకి అనువదించే పని మీద పడితే, ఇంగ్లిషు మాటలకు నిఘంటువు చూసి సమానార్థకాలు వేయడం ప్రమాదం. “లీజ్‌హోల్డర్”ను “కౌలుదారు” అంటే తెనాలి నుంచి వచ్చిన పెద్దవారికి వరిపొలం గుర్తుకొస్తుంది. “కన్సల్టేషన్” అంటే డాక్టరు ఫీజు, “పాలసీ” అంటే జీవిత బీమా. “సురక్షిత అద్దెదారు” అన్నది “సెక్యూర్ టెనెంట్”కు మాటకు మాట సరిపోయినా, చదివినవారికి ఇంటికి గట్టి తాళం ఉందన్న అర్థమే మిగులుతుంది. “కౌన్సిల్ నుంచి అద్దెకు తీసుకున్నవారు”, “ఫ్లాటు కొనుక్కున్నవారు”, “నియమం మార్చే ముందు మీ అభిప్రాయం అడుగుతున్నాం” అంటే అందరికీ తెలుస్తుంది. అన్ని భాషల్లోకీ అనువదించలేనప్పుడు, ఇంగ్లిషు ప్రతినే ఇంత తేలికగా రాస్తే ఇంట్లో స్కూలుకు వెళ్లే పిల్లలు చదివి చెప్పగలుగుతారు. ఆరోగ్య, వైకల్య వివరాలు చెప్పవలసిన చోట మాత్రం పిల్లల మీద ఆధారపడకుండా దుబాసీని పెట్టడం మర్యాద.

ఆరో పని: గడువు, చేరవేసే దారి

105వ సెక్షన్‌లో ఇన్ని రోజులు అన్న సంఖ్య లేదు. పన్నెండు వారాలన్నది కేంద్ర ప్రభుత్వ శాఖల పాత నియమావళి నుంచి వచ్చిన అలవాటు, కౌన్సిల్ ఇళ్ల చట్టం పెట్టినది కాదు. నడవాల వంటి మార్పుకు నాలుగు వారాలు న్యాయంగా ఉంటాయి. ఆగస్టులోనూ, క్రిస్మస్ సమయంలోనూ పెడితే ఇంకో రెండు వారాలు కలపాలి. స్థానిక ఎన్నికలకు ముందు కౌన్సిల్ చేసే ప్రచారం మీద నియంత్రణ ఉండే కాలం ఒకటి ఉంటుంది, కాబట్టి మే నెలలో ఎన్నికలున్న ఏడాది మార్చి దాటాక మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఈమెయిల్ చౌక, అయితే ఈమెయిల్ లేనివారే తరచుగా నడవా మార్పుతో ఎక్కువ ఇబ్బంది పడేవారు. తలుపు దగ్గరికి కాగితం, ఫోనుకు సందేశం, భవనం గోడ మీద నోటీసు, కేర్‌టేకర్ నోటిమాట, ఈ నాలుగూ కలిస్తే దాదాపు అందరికీ చేరుతుంది. నేను పనిచేసిన ఒక చోట నోటీసును లిఫ్టు లోపల మాత్రమే అంటించారు. ఆ నాలుగు వారాల్లో మూడు వారాలు లిఫ్టు చెడిపోయి ఉంది. గడువు పొడిగించి, మెట్ల మొదట్లో మళ్లీ అంటించవలసి వచ్చింది. అధికారి ఒకరు సాయంత్రం ఆరు తరువాత ఆ నడవాలో నడిచి, తలుపుల బయట ఏమేమి ఉన్నాయో చూసి, తలుపు తీసినవారితో రెండు నిమిషాలు మాట్లాడితే, ఆన్‌లైన్ ఫారాల్లో రాని సంగతులు వస్తాయి. అలా వెళ్లినప్పుడే, ఐదో అంతస్తులో మూడు స్కూటర్లు బయట ఉండటానికి కారణం కింద ఉన్న చార్జింగ్ గది తాళం పోవడమని తెలుస్తుంది.

ఏడో పని: జవాబులు చదవడం

ఇది ఓట్ల లెక్కింపు కాదు. నూట ఎనభై ఇళ్ల నుంచి పదకొండు జవాబులు వచ్చి, అందులో తొమ్మిది “సరే” అన్నాయనుకుందాం. ఆ తొమ్మిది కంటే, డయాలిసిస్‌కు వారానికి మూడు రోజులు వెళ్లే మనిషి రాసిన ఒక్క జవాబు నిర్ణయాన్ని ఎక్కువ మార్చవచ్చు. మౌనం అర్ధాంగీకారమన్న సామెతను ఇక్కడ వాడకూడదు. జవాబివ్వనివారు ఒప్పుకున్నారని నివేదికలో రాస్తే అది అబద్ధం. తక్కువ జవాబులు వచ్చాయని, ఎవరి నుంచి రాలేదని, రాబట్టడానికి ఏం చేశారని ఉన్నదున్నట్లు రాయాలి.

ప్రతి జవాబునూ కనీసం ఇద్దరు చదివి, లేవనెత్తిన అంశాలను పట్టికగా వేసి, ఒక్కోదానికి ఎదురుగా “మార్చాం”, “కొంత మార్చాం”, “మార్చలేదు, కారణం ఇది” అని రాస్తే మిగతా పనంతా సగమవుతుంది. మన ఉదాహరణలో ఫలితం ఇలా ఉండవచ్చు: మంట అంటుకునే వస్తువులకు, దారికి పూర్తిగా అడ్డమైనవాటికి 48 గంటలు, మిగతావాటికి ఐదు రోజులు, శుక్రవారం మధ్యాహ్నం తరువాత నోటీసు అంటించకూడదు, స్కూటర్ల యజమానులతో విడిగా మాట్లాడి చార్జింగ్ గది సిద్ధమయ్యాకే వాటికి నియమం అమలు. చెప్పుల బల్ల కుదరదు, గుమ్మం ముందు పలుచని పట్టా మాత్రం, ఆ భవనం అగ్ని ప్రమాద అంచనా ఒప్పుకుంటే, ఉండవచ్చు. వ్యక్తిగత వివరాలున్న జవాబులను నివేదికలో వేసేటప్పుడు ఫ్లాటు నంబరు తీసేస్తే చాలదు. “ఐదో అంతస్తులో డయాలిసిస్‌కు వెళ్లే నివాసి” అంటే పొరుగువారందరికీ ఎవరో తెలిసిపోతుంది, కాబట్టి “క్రమం తప్పక ఆసుపత్రికి వెళ్లే నివాసి” అని రాయాలి.

ఎనిమిదో పని: నిర్ణయం, తిరిగి చెప్పడం

చిన్న మార్పులను చాలా కౌన్సిళ్లలో హౌసింగ్ డైరెక్టరుకు అప్పగించిన అధికారంతో, కౌన్సిల్ పాలకవర్గ (క్యాబినెట్) సభ్యునితో మాట్లాడి, నిర్ణయిస్తారు. ఎవరు నిర్ణయించినా వారి ముందుకు జవాబుల సారాంశం, సమానత్వ అంచనా, మార్చిన ముసాయిదా మూడూ కలిసి వెళ్లాలి. వారు సంతకం చేసే తేదీ అభిప్రాయ గడువు ముగిసిన తేదీకి మరుసటి రోజైతే, చిత్తశుద్ధితో పరిశీలించారని ఎవరూ నమ్మరు. గడువుకూ నిర్ణయానికీ మధ్య కనీసం మూడు వారాలు మొదటి నుంచే పంచాంగంలో వదిలిపెట్టండి.

ఫలితాన్ని జవాబిచ్చినవారికి విడిగా, భవనంలోని అందరికీ ఒక కాగితంగా చెప్పాలి. “మీరు అన్నారు, మేము చేశాం” అన్న పోస్టర్లలో ఒప్పుకున్నవి మాత్రమే కనిపిస్తాయి. ఒప్పుకోనివాటిని కారణంతో చెబితేనే తరువాతిసారి మళ్లీ రాస్తారు. తమ మాట వింటున్నారా, విని ఏమైనా చేస్తున్నారా అని ఏటా టెనెంట్లను అడిగే సంతృప్తి సర్వేలో కౌన్సిల్ తెచ్చుకునే అంకె ఇలాంటి కాగితాల మీదే ఆధారపడి ఉంటుంది.

అమలు తేదీకి వారం ముందు కేర్‌టేకర్లకు, కాల్ సెంటర్ వారికి కొత్త నియమం చదివి వినిపించాలి. నోటీసు చీటీల పాత కట్టలన్నీ స్టోర్‌రూము నుంచి తీసేయించాలి. కొత్త విధానం అమలైన మొదటి సోమవారం ఎవరో “ఏడు రోజులు” అని అచ్చయిన పాత చీటీని తలుపుకు అంటిస్తే, దాన్ని చదివిన నివాసికి ఆ ఏడు రోజులూ ఇవ్వవలసిందే.